మోకాలి బేరం

తెల్లవారినప్పటినుంచీ ఆశన్న కొడుకును కళ్ళం చుట్టూ తిప్పుతున్నాడు. ముందు రాజేశ్వర్, వెనక ఆశన్న. ఆశన్న చేతిలో ముల్లుకర్ర ఒక్కటే తక్కువ.

"ఇగ చాలు నాయినా," అన్నాడు రాజేశ్వర్.

"చాలదు. ఎడమ కాలు ఇంక బిగుసుకొనే ఉన్నది. పొద్దెక్కెదాక నడువు. చెమట పట్టాలె. చెమట పడితె కీలు జారుతది."

భాగ్యవతి చూరు కింద నిలబడి చూస్తోంది. చేతిలో వేడిచేసిన ఆముదం గిన్నె. మొగుడు అడుగు వేసిన ప్రతిసారీ ఆమె పెదవి బిగుసుకుంటోంది.

"మామా, మంచం మీదనుంచి లేవని మనిషిని ఒక్కపూటల ఇంత నడిపిస్తె ఎట్ల?"

"నీకు తెల్వదు బిడ్డా. తారాచందు వచ్చేటాళ్లకు మోకాలు వేడి మీదుండాలె. వాడు వచ్చినంక వీడు కూసోవద్దు. నిలబడ్డప్పుడు ఏ ఎద్దుకూ కుంటు కనపడది. కూసోని లేస్తుంటె కనపడతది. కొననీకి వచ్చినోడు ఉన్నంతసేపు ఎద్దును పండుకోనియ్యద్దు, అంతే."

పొయ్యి దగ్గరనుంచి పోసవ్వ గొంతు వచ్చింది. "బీర్కూరోనికి కుంటెద్దును అంటగట్టినట్టు నా కొడుకును కూడ అంటగడుతున్నవా? ఆ బీర్కూరోడు వాకిట్ల నిలబడి తిట్టిన తిట్లు ఇంక నా చెవులల్లనే ఉన్నయి."

"ఆ ఎద్దు రెండు పంటలు దున్నిందే."

"దున్నింది. మూడో పంటకు సచ్చింది."

ఆశన్న కొడుకు భుజం మీద చెయ్యి వేసి మరో చుట్టుకు తిప్పాడు.

మద్నూర్ లారీ తోలే సమ్మన్న నిన్న పొద్దూకే వేళ మాట మోసుకొచ్చాడు. షోలాపూర్ మిల్లులో యజమాని సేఠు పనులు చూసే మునీము తారాచంద్ వస్తున్నాడు, రాజేశ్వర్ ఆడగలడో లేడో కళ్ళతో చూసి పోతాడు. ఆడగలిగితే సాయంత్రం అదే లారీలో వెంట తీసుకుపోతాడు. ఆ మాట విన్నది మొదలు ఈ ఇంట్లో ఎవరూ కంటినిండా నిద్రపోలేదు.

మిల్లులో రాజేశ్వర్ పేరుకు గుమాస్తా. కలం పట్టింది లేదు. పొద్దునా సాయంత్రమూ బంతి పట్టడమే పని. పట్నంలో కాలేజీ చదువుకు పోయినప్పుడు అంటుకున్న ఆట అది, బాస్కెట్‌బాల్. ఎత్తున ఒక ఇనుప కడియం, దాంట్లోంచి తోలుబంతి పడాలి. కాలేజీని గెలిపించాడు, మిల్లు చూసింది, పిలిచి జీతమిచ్చి పెట్టుకుంది. సేఠుకు పందెపు కోళ్ళున్నట్టే ఆటగాళ్ళూ ఉన్నారు. కోడి కాలు విరిగితే కోసుకు తింటారు. మనిషిని కోసుకు తినే వీలు లేదు గనక ఇంటికి పంపిస్తారు. సిమెంటు నేల మీద పడి మోకాలు చెడిన రాజేశ్వర్‌నూ అట్లాగే పంపించారు.

వచ్చినవాడు మంచమెక్కాడు. పొలం పని రాదు. పలకరిస్తే పలకడు. ఆర్నెల్లుగా ఇంటి దూలాలు చూస్తూ పడుకున్నాడు.

చూడలేక ఆశన్నే కళ్ళం పక్కన టేకు గుంజ పాతించాడు. నిజాంసాగర్ కాలువ నీళ్ళు వచ్చినంక బావి మోటలు మూలకు పడ్డాయి కదా, ఆ మోట తోలుబక్కెన మూతికుండే ఇనుప కడియం విప్పి గుంజకు కొట్టించాడు. ఎప్పుడైనా లేచి ఆడతాడేమోనని. రాజేశ్వర్ ఒక్కసారి చూశాడు. మళ్ళీ పడుకున్నాడు.

ఇప్పుడు లేచాడు. తారాచంద్ వస్తున్నాడంటే లేచాడు.

"మామా," అంది భాగ్యవతి. ఈసారి గొంతు గట్టిగానే వచ్చింది. "ఎద్దునైతె అంగట్ల అమ్ముతరు. ఈయనను ఎందుకు అమ్ముతున్నరు?"

ఆశన్న ఆగిపోయాడు. అంత మాట కోడలు ఎన్నడూ అనలేదు.

"అమ్ముతలేను బిడ్డా." అతని గొంతు తగ్గింది. "ఒక్కసారి షోలాపూర్ పోయిన నేను, నువ్వు కాపురానికి రాకముందు. వీన్ని గుంజుకొని వద్దామనే పోయిన. గంతమంది జనం, వాళ్ల నడుమ నన్ను కూసోపెట్టిండ్రు. ఆట నాకు ఒక్క ముక్క సమజ్ కాలె. వీడు ఎగిరినప్పుడల్ల జనం మొత్తం 'బాన్సువాడ, బాన్సువాడ' అని ఒర్రుతుండ్రు. వీనికి అక్కడ అదే పేరు. నా ఊరి పేరు బిడ్డా. వీన్ని తీస్కరాకుండనే వచ్చిన. అక్కడ వీడు బతికున్నడు. ఇక్కడ దూలాలు లెక్కపెడుతుండు."

భాగ్యవతి తలదించుకుంది. ఆ ముసలివాడి మీద కోపం నిలుపుకోవడం ఆమెకు చేతకాదు. అదే ఆమె బాధ.

"నూనె రాస్త. కొట్టంలకు పంపియ్యి మామా."

"రాయి. కూసోనియ్యకు."

---

పశువుల కొట్టంలో రాజేశ్వర్ కుడితి గోలెం అంచు మీద ఎడమ పాదం పెట్టి నిలబడ్డాడు. భాగ్యవతి మోకాళ్ళ మీద కూర్చుని ఆముదం రాసింది. చిప్ప పక్కన ఒకచోట వేలు మెత్తగా లోపలికి దిగింది. అక్కడ ఉండవలసింది ఏదో లేదు. ఆ చోటు ఆమె వేళ్ళకు తెలుసు, ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

"నిజామాబాద్ డాక్టరు ఏమన్నడు?" అంది తలెత్తకుండా.

"నువ్వు విన్నవు గద."

"ఇంకొక్కసారి పడితె కాలు కట్టె అయితదన్నడు. ఇగ వంగదన్నడు."

"పడితె గద."

"గాల్లకెగిరినోడు పడక ఏడికి పోతడు?"

అటు గాటికి కట్టిన బర్రె ముక్కు విదిల్చింది.

"నాయినకు చెప్పకు," అన్నాడు రాజేశ్వర్. "నా మీద ఒట్టు పెట్టుకున్నవు."

"పెట్టుకోలె. నువ్వు పెట్టిచ్చినవు. నా చెయ్యి గుంజి నీ నెత్తి మీద పెట్టుకున్నవు."

"ఏదైతేంది."

"అవును, ఏదైతేంది. కాలు పోతె పోనీ. మొయ్యనీకి నేనున్న గద."

ఆమె నూనె పట్టిస్తున్న చెయ్యి గట్టిగా నొక్కింది. రాజేశ్వర్ పళ్ళు బిగించాడు గాని కాలు తియ్యలేదు. తరువాత ఆమె తల మీద చెయ్యి వేశాడు. కొంగు జారింది. ఆమె సర్దుకోలేదు.

"భాగ్యా, ఇను. ఇక్కడ నేనెవన్ని? ఆశన్న కొడుకును. నాగలి పట్టరాదు, లెక్క రాయరాదు. ఊళ్ళె అందరు మంచిగనే పలకరిస్తరు, సచ్చినోని ఇంటికొచ్చినట్టు. అక్కడ ఎగిరినప్పుడు ఉంటది సూడు, ఆ ఒక్క రెప్పపాటు. కింద భూమి ఉండది. పటేలు ఉండడు, సేఠు ఉండడు. నేనొక్కన్నే ఉంట. నీకు ఎట్ల చెప్పాల్నో నాకు తెలుస్తలేదు."

"తెలిసింది తియ్యి. దిగినంక సేఠు ఉంటడు గద."

అతను చెయ్యి తీసేశాడు.

భాగ్యవతి గుడ్డ చుట్టడం మొదలుపెట్టింది. షోలాపూర్‌లో మిల్లు పనివాళ్ళ వరుసగదుల్లో వాళ్ళుండిన ఒంటి గది ఆమె కళ్ళముందుకు వచ్చింది. తోపుడు బండి మీద వేసి ఇతన్ని తెచ్చి గుమ్మంలో దించారు. వారం తిరగకముందే ఈ తారాచందే వచ్చి గది తాళంచెవి అడిగాడు. మర్యాదగానే అడిగాడు. బయట ట్రంకుపెట్టె మీద కూర్చుని కొత్త ఆటగాడు ఎదురుచూస్తున్నాడు. ఎండన పడి వచ్చాడని, పాపం, ఆమే అతనికి నీళ్ళిచ్చింది. ఇప్పుడు ఆ కొత్తవాడు పటాలంలో చేరి పోయాడు. అందుకే మళ్ళీ పాతవాడు గుర్తొచ్చాడు.

"గట్టిగ కట్టినవ్," అన్నాడు రాజేశ్వర్.

"గట్టిగనే ఉండనియ్యి."

వీధిలో లారీ హారన్ మోగింది.

---

తారాచంద్ పొట్టిమనిషి. నల్ల టోపీ, పొడుగు కోటు, చంకలో గొడుగు. షోలాపూర్‌లో నేతపనివాళ్ళతో మాట్లాడి మాట్లాడి తెలుగు పట్టుబడింది. ఊళ్ళో అతని తరఫు వాళ్ళ బట్టల దుకాణముంది, అక్కడ దిగకుండా నేరుగా ఇక్కడికే వచ్చాడంటే పని గట్టిదేనని పోసవ్వ కనిపెట్టింది. భూమి లెక్కలు చూసే గిర్దావరు వచ్చిననాడు తప్ప బయటికి రాని ఇత్తడి పళ్ళేలు తీసింది.

"రాజేశ్వర్ భాయ్, మంచిగున్నవా? మోకాలు?"

"మంచిగున్నది."

"నడిచి చూపియ్యాల్నా?" అన్నాడు ఆశన్న తొందరపడి. మళ్ళీ తనే నాలుక కరుచుకున్నాడు.

"నడుసుడు ఎందుకు పటేలా? తర్వాత ఆడుడే చూస్త." తారాచంద్ జొన్నరొట్టె వాసన పీల్చి చాప మీద చక్కగా కాళ్ళు మడిచి కూర్చున్నాడు. "ముందు భోజనం. రా రాజేశ్వర్ భాయ్, కూసో."

ఆశన్న వచ్చి కొడుక్కు అడ్డంగా నిలబడ్డాడు. "మా ఇండ్లల్ల చుట్టం తినెదాక కొడుకు కూసోడు. మా ఆచారం."

వంటింటి తలుపు వెనక పోసవ్వ కోడలి వైపు చూసింది. ఆ ఇంట్లో అలాంటి ఆచారం ఎన్నడూ లేదు. చుట్టం వస్తే అందరికంటే ముందు పళ్ళెం లాక్కుని కూర్చునేది ఆశన్నే.

"షోలాపూర్‌ల అందరికన్న ముందు ఈయనే కూసునేటోడు," అన్నాడు తారాచంద్. "అక్కడ ఆచారం లేకుండెనా?"

"అక్కడ నేను లేను గద."

తారాచంద్ నవ్వి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. "రాజేశ్వర్ కూసుంటేనే నేను ముద్ద ముట్టేది. పాత దోస్తును నిలబెట్టి తింటె నాకు అరగది."

నెయ్యి రొట్టె మీద పేరుకుంటోంది. ఎవరూ కదలలేదు. అన్నం ముందు కూర్చున్న చుట్టం తినకుండా లేస్తే ఆ ఇంటికి ఇంక ముఖముండదు. ఆశన్న కళ్ళు వంటింటి వైపు తిరిగాయి. ఎద్దుల సంగతి అన్నీ తెలిసిన మనిషికి ఈ అన్నం పళ్ళెం సంగతి తోచలేదు.

రాజేశ్వరే కూర్చున్నాడు.

తండ్రి భుజం పట్టుకుని, ఏదో చెవిలో చెబుతున్నట్టు వంగి కుడికాలి మీద దిగాడు. చుట్టం ముందు కాలు చాపి కూర్చోవడం తప్పు. ఎడమ మోకాలును రెండు చేతులతో, పంచె సర్దుకుంటున్నట్టు, మడిచి కింద పెట్టుకున్నాడు. భాగ్యవతి తలుపు సందులోంచి చూసింది. అతని పై పెదవి మీద చెమట పోసింది.

"పుంటికూర బాగుంది," అన్నాడు తారాచంద్. షోలాపూర్ కబుర్లు చెప్పాడు. పక్క మిల్లుతో తమ మిల్లుకు పోటీ పెరిగిందన్నాడు. ఫలానావాడు లావయ్యాడన్నాడు. రాజేశ్వర్ ఊఁ కొడుతున్నాడు. తిన్నారు. తారాచంద్ లేచి వాకిట్లో చేతులు కడుక్కుని వచ్చి నిలబడ్డాడు.

రాజేశ్వర్ లేవలేదు.

లేవబోయాడు. అరచెయ్యి చాప మీద ఆనింది, భుజం పైకి వచ్చింది, మళ్ళీ కిందికి దిగింది. అది భాగ్యవతి చూసింది. పోసవ్వ కూడా చూసింది. ఆ తల్లికి డాక్టరు మాట తెలియదు, ఏమీ తెలియదు. కొడుకు లేవలేకపోతున్నాడన్నది మాత్రం తెలిసింది. రొట్టె పట్టుకుని ఉరికింది.

"అప్పుడే అయిందా? ఇంకో రొట్టె తిను బిడ్డా."

రాజేశ్వర్ తిన్నాడు. తారాచంద్ వసారా గుంజకానుకుని వక్క నములుతున్నాడు.

"పచ్చిపులుసు పోసుకోనే లేదు. ఇది కూడ తిను."

ఆ రొట్టె కూడా తిన్నాడు. పోసవ్వ మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయి పిండి కలుపుతోంది. రొట్టె గుండ్రంగా రావడం లేదు.

"మంచిగ తింటడు," అన్నాడు తారాచంద్. "చూస్తే సంతోషం."

"మా వాడు తిండిల ఎన్నడు వెనుకకు పోడు," అన్నాడు ఆశన్న.

మరో రొట్టె పెనం మీదికి పడుతుంటే భాగ్యవతి అత్త చెయ్యి పట్టుకుంది.

"ఇగ చాలు అత్తమ్మా. లేవరాక తింటుండు. పొద్దూకెదాక తినబెడుతవా?"

కొంగు నెత్తి మీదికి లాక్కుని గడప దాకా వచ్చింది. పరాయి మగవాడి ముందు ఆమె నోరు విప్పింది అదే మొదటిసారి. ఒట్టు ఏమైనా కానీ అనుకుంది. మనిషి నెత్తి మీద చెయ్యి పెట్టించుకుని ఆ మనిషి కాలు విరగ్గొట్టుకుంటుంటే ఊరుకొమ్మనే ఒట్టు ఒట్టేనా?

"మునీమ్‌సాబ్, ఆయన మోకాలుల నరం తెగిపోయింది. నిజామాబాద్‌ల డాక్టరు చూసిండు. ఇంకొక్కసారి పడితె కాలు కట్టె అయితదన్నడు. మా మామకు తెల్వదు, మా అత్తకు తెల్వదు. నేనొక్కదాన్ని విన్న. తోల్కపోతె ఆ సంగతి తెలిసి తోల్కపో."

వాకిట్లో ఎక్కడో కోడి గొణుక్కుంటోంది. ఆశన్న నోరు తెరుచుకుని కోడలిని చూస్తున్నాడు.

రాజేశ్వర్ తలెత్తాడు. కోపం లేదు ఆ ముఖంలో. అదే ఆమెను భయపెట్టింది.

"దానికి నేను పోవుడు ఇష్టం లేదు తారాచంద్ భాయ్. ఇంతకుముందు ఆ గదిల ఒక్కతే ఉండి ఉండి విసిగింది. అందుకే గట్లంటది. డాక్టరు లేడు, ఏం లేడు." మెల్లగా, ముద్దుగానే అన్నాడు. "పాపం, దాని తప్పేం లేదు."

పక్కనున్న గుంజ పట్టుకున్నాడు. ఒక్క ఊపున లేచాడు. ముఖంలో గీత కదల్లేదు.

"బంతి తెచ్చినవా?"

"లారీల ఉన్నది."

"తే."

---

కళ్ళం మీద ఎండ తెల్లగా కాస్తోంది. రాజేశ్వర్ తోలుబంతిని రెండుసార్లు నేలకు కొట్టి చేతిలో తిప్పాడు. భాగ్యవతి చూరు కింద నిలబడిపోయింది. అబద్ధాలకోరని తననే అన్నాడు, అందరిముందూ. అయినా ఆమె కళ్ళు ఆ మోకాలు మీదనే ఉన్నాయి.

నిలబడ్డచోటునుంచే బంతి విసిరాడు. మోట కడియంలోంచి చప్పుడు లేకుండా జారిపడింది. మళ్ళీ విసిరాడు. మళ్ళీ పడింది.

"చెయ్యి అట్లనే ఉన్నది," అన్నాడు తారాచంద్. "ఇప్పుడు ఉరికి ఎగురు."

రాజేశ్వర్ వెనక్కి నడిచాడు. కళ్ళం అంచుదాకా పోయి తిరిగాడు.

ఆశన్న కదిలాడు. అతను భాగ్యవతి పక్కకు వచ్చి, వినబడీ వినబడకుండా అడిగాడు.

"నిజమేనా బిడ్డా? డాక్టరు మాట?"

"నిజం మామా."

"కట్టె అయితదా?"

"అయితది."

ముసలివాడు ఇంకేమీ అడగలేదు. తలపాగా విప్పి చేతిలో పట్టుకుని కళ్ళం నడుమకు నడిచి, కొడుక్కూ కడియానికీ మధ్య నిలబడ్డాడు.

"నాయినా, పక్కకు జరుగు."

"జరుగ." ఆశన్న తారాచంద్ వైపు తిరిగాడు. జీవితంలో ఎన్ని ఎద్దులమ్మాడో, ఏ ఒక్కదాని గురించీ నోట రాని మాట అప్పుడు వచ్చింది. "మునీమ్‌సాబ్, నా కొడుకు కుంటోడు. తెల్లారినప్పటినుంచి తిప్పి తిప్పి కాలు వేడిచేసిన. కూసోనియ్యలె. ఆచారమని అబద్ధం చెప్పిన. నీ కండ్లు కప్పుదామనుకున్న. మా కోడలు చెప్పిందే నిజం. ఈ బేరం వద్దు. నువ్వు పో."

రాజేశ్వర్ చేతిలోంచి బంతి జారింది. తండ్రి నోట 'కుంటోడు' అన్న మాట విని నిలబడ్డచోటే నిలబడిపోయాడు. భాగ్యవతి ప్రాణం లేచివచ్చింది. ఆ ముసలివాడి కాళ్ళకు మొక్కాలనిపించింది.

తారాచంద్ గొడుగు విప్పి ఎండకు అడ్డం పెట్టుకున్నాడు. అతనికి ఆశ్చర్యమేమీ కలగలేదు.

"నాకు తెలుసు పటేలా. అమ్మ రొట్టెలు పెట్టుకుంట పోతుంటేనే తెలిసింది."

"మరి తెలిసి బంతి ఎందుకు తెచ్చినవు?"

"చెయ్యి చూద్దామని. చెయ్యి మంచిగున్నది." తారాచంద్ గొంతు తగ్గించాడు, కాని అక్కడ అందరికీ వినబడింది. "సేఠ్‌జీకి ఏడాదంత వద్దు. ఒక్క ఆట కావాలె. పక్క మిల్లువాళ్లు మా మీద పందెం కట్టిండ్రు. 'బాన్సువాడ' దిగిండంటే సగం భయం వాళ్లకు అప్పుడే పడతది. మోకాలు ఆ ఒక్క ఆటకు ఆగితె చాలు. ఆ తర్వాత..."

ఆ తర్వాతది అతను చెప్పలేదు. గొడుగు కర్రను అరచేతిలో తిప్పుకున్నాడు.

"పోవయ్యా నువ్వు," అన్నాడు ఆశన్న. "ముందు నా వాకిలి దాటు."

"ఒక్క ఆటేనా?" అన్నాడు రాజేశ్వర్.

"ఒక్కటే."

"జనం వస్తరా?"

"షోలాపూర్ మొత్తం వస్తది."

రాజేశ్వర్ నవ్వాడు.

పళ్ళన్నీ కనబడేట్టు, తల వెనక్కి వేసి, కాలేజీ పిల్లగాడిలా నవ్వాడు. భాగ్యవతి పెళ్ళినాడు చూసిన నవ్వు అది. ఆ ఇంట్లో ఆర్నెల్లుగా ఎవరి చెవినా పడని నవ్వు. ఆశన్న కొడుకు ముఖాన్ని చూస్తూ, ఇంకా అడ్డంగానే నిలబడి, చేతిలో తలపాగా నేలకు జీరాడుతుంటే, ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాడు.

వంటింట్లోంచి పోసవ్వ పరుగెత్తుకొచ్చింది. చేతులకు జొన్నపిండి. తారాచంద్ మాటలేవీ ఆమె వినలేదు. నవ్వు ఒక్కటే విన్నది.

"నవ్విండా? నా కొడుకేనా నవ్వింది?" కోడలి భుజం పట్టుకుని ఊపింది. ముసలిదాని కళ్ళు నీళ్ళతో మెరుస్తున్నాయి. "ఏమన్నడే ఆ మునీము? మంచి మాటే అన్నడా? చెప్పవేందే భాగ్యా?"

భాగ్యవతి కొంగుతో అత్త చేతులకున్న పిండి తుడిచింది.

కళ్ళం మీద రాజేశ్వర్ తండ్రిని తప్పించుకుని పక్కనుంచి నడిచి, తారాచంద్ గొడుగు నీడలోకి చేరి అడుగుతున్నాడు.

"లారీ ఎప్పుడు ఎల్తది?"